జనగామ చెయ్యి

2019వ సంవత్సరం, ఆగస్టు నెల రెండో తేదీ, శ్రావణమాసపు తొలి శుక్రవారం. అంతకు ముందు నుంచీ పట్టిన ముసురు ఆ ఉదయం కూడా విడవలేదు. అది చినుకులుగా రాలే వాన కాదు, ధారగా కురిసే వాన కాదు. గాలికే తడి పట్టి వేలాడుతున్నట్టుండే వాన. కాళేశ్వరం దగ్గర గోదావరి పెరుగుతున్నదని బస్సు దిగినవాళ్లు చెప్పుకుంటున్నారు. చిట్యాల బజారులో దుకాణాల తలుపులు సగం తెరిచి, సగం మూసి ఉన్నాయి. రాజేశం బట్టల దుకాణం మాత్రం బార్లా తెరిచి ఉంది. తెరిచి ఉందే కానీ, లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు.

గొడుగు మూస్తూ మెట్టు మీద కాలు పెట్టబోయిన ఒక పెద్దమనిషిని రాజేశం చేతులు జోడించి ఆపాడు.

“జర ఆగు బావా. రుక్కి రావాలె.”

“ఇంక రాలేదా? సరె, చాయ తాగొస్త,” అని ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా వెనుదిరిగాడు.

బోణి అంటే ఏమిటో తెలియని తెలుగువాడు ఉండడు. అయినా తెలిసిన సంగతే కదా అని వివరించకుండా వదిలేస్తే తరువాతి కథకు కాళ్లు నిలవవు. ఏ వ్యాపారానికైనా తొలి బేరం బోణి. దానికి అప్పు లేదు. దాని దగ్గర గీచి గీచి బేరమాడరాదు. బోణికి పోయిన సరుకును ఇచ్చినవాడు అడగరాదు, పుచ్చుకున్నవాడు తిప్పి పంపరాదు, దానికి వంక పెట్టరాదు. పెడితే ఆ కాలపు వ్యాపారమంతా వంకర పోతుంది. అన్నిటికన్నా పెద్ద నియమం, బోణి చేసే మనిషి చెయ్యి మంచిదై ఉండాలి. ఇంటివాళ్ల చెయ్యి లెక్కకు రాదు. అద్దం తనను తాను చూసుకోలేనట్టు, ఎవరి చెయ్యి వారి వ్యాపారానికి పనికిరాదని పెద్దలు చెప్పారు. రాజేశం తండ్రి కాలంలో, దుకాణం మూసేద్దామనుకున్న ఒక కరువేడు, పక్క తండాకు కొత్తగా కోడలై వచ్చిన రుక్కి శ్రావణపు తొలి శుక్రవారం వచ్చి ఒక రవికె గుడ్డ కొన్నది. ఆ ఏడు తానులు చింపే చేతికి తీరిక లేకుండా పోయింది. అప్పటినుంచి పెళ్లిళ్ల కాలపు బోణి రుక్కిది.

దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్న గుమ్మంలో రాజేశం భార్య వనమాల నిలబడి ఉంది. ఈ కథ ఆమెది.

కాసేపటికి రుక్కి తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకొని వచ్చింది. వెంట ఆమె కూతురు సౌందర్య. మహబూబాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్ల.

“ఆటో దొరకలె సేటూ. ఆగమాగం వచ్చినం,” అంటూ రుక్కి కొంగు పిండుకుంది.

“నువ్వు రాకుంటే దుకాణం బంద్ వెట్టి పండుకుందు,” అన్నాడు రాజేశం.

రుక్కి చెయ్యి తుడుచుకొని, తానుల వరుస మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా అరచేయి ఆనించి, ఎర్రటి నూలు తాను దగ్గర ఆగింది. “గిది చింపు.” రాజేశం చింపాడు. బోణి అయింది. పైకం కళ్లకద్దుకున్నాడు. బయట ఎదురుచూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కారు.

అప్పుడు సౌందర్య అడిగింది. “సేటూ, తానుల కొసలుంటే నాకు ఇయ్యవా?”

“కొసలతోని ఏం జేస్తవే?”

“బొమ్మలు కుడుత. ఫోన్ల అమ్మకానికి పెట్టిన. ఇంక ఎవలు కొనలే గని, కొంటరు.”

గుమ్మంలో ఉన్న వనమాల చెవులు నిక్కబొడుచుకున్నాయి. “ఏం బొమ్మలు, సౌందర్యా? చూడనియ్యి,” అన్నది, పెద్దరికం ధ్వనించేటట్టు.

సౌందర్య ఫోను చాపింది. ఎర్ర బట్ట మీద నల్లదారంతో ఒక బొగ్గులారీ. భూపాలపల్లి రోడ్డు మీద నిత్యం తిరిగే లారీ. నిండుగా పోసిన బొగ్గు, మీద టార్పాలిన్, వెనుక మిరపకాయలు ఏరడానికి పోయే ఆడవాళ్లతో కిక్కిరిసిన ఆటో. తండా ఆడవాళ్లు తమ రవికెలకూ, పేటియలనే లంగాలకూ కుట్టుకునే అద్దాలు రెండు, లారీ ముందు దీపాలై కూర్చున్నాయి. చుట్టూ తెల్లబట్ట అంచు. బొమ్మలో అది పొద్దుగూకే వేళ అని ఎక్కడా చెప్పలేదు. అయినా చూసినవాళ్లకు తెలిసిపోతుంది.

వనమాల ఆ బొమ్మను చాలాసేపు చూసింది. చివరికి, “అద్దాలు నెమలి కండ్లకు పెడుతరు గని, లారీకి పెడుతరా ఎవలన్న?” అన్నది.

సౌందర్య నవ్వింది. “నెమలిని నేనెన్నడు చూడలె అక్కా. లారీలైతే రోజు చూస్త.”

ఆ పిల్ల ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కానీ వనమాల ముఖం మాడిపోయింది. ఎందుకు మాడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి.

వనమాల జనగామ ఆడబిడ్డ. కిరాణా వ్యాపారుల ఇంట పుట్టింది. బడిలో చదువుతున్నప్పుడే డ్రాయింగు లోయరు, ఆ తరువాత హయ్యరు పరీక్షలు ప్యాసైంది. ఆ రోజుల్లో ఆ పరీక్షలకు పోయే పిల్లలు కూజానూ గ్లాసునూ బల్లమీద పెట్టుకొని వాటి నీడను గంటలకొద్దీ దిద్దేవాళ్లు. నీడ దిద్దడం వచ్చినవాడికి వస్తువు దానంతటదే వస్తుందని మాస్టర్లు చెప్పేవారు. ఇప్పుడు నీడను ఎవరూ దిద్దడం లేదు, అది వేరే సంగతి. పెళ్లయి చిట్యాల వచ్చాక కుంచె అటకెక్కింది. పిల్లలు చదువులకు హాస్టళ్లకు వెళ్లాక మళ్లీ దిగింది. ఆమె చెయ్యి స్థిరమైనది. గీసిన గీత వణకదు. నెమళ్లు వేసింది, రావి ఆకులో వినాయకుణ్ణి వేసింది, వేణువు పట్టిన కృష్ణుణ్ణి వేసింది. ఆమె వేసినవన్నీ ఎక్కడో ఒకచోట అచ్చయి ఉన్న బొమ్మలే. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు.

తమ్ముడు సందీప్‌కు జనగామలో మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. ఆ ఏడు ఎండాకాలంలో అతనే ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమెకు ఒక పేజీ తెరిచి, ‘వనమాల వర్నాలు’ అని పేరు పెట్టాడు. ‘వర్ణాలు’ అని ణకారం పెట్టించేదాకా ఆమె ఊరుకోలేదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. పెట్టిన ప్రతి బొమ్మ కిందా చుట్టాలు ‘సూపర్ అక్క’ అని రాశారు. సంబోధనకు దీర్ఘం ఉండాలన్న నియమాన్ని ఫోనులో ఎవరూ పాటించరు. నియమం మాట అటుంచితే, కొన్నవాళ్లు కూడా ఎవరూ లేరు. బోణి కాలేదు. వ్యాపారుల ఇంట పుట్టి, వ్యాపారుల ఇంట మెట్టిన మనిషికి ఆ ఒక్క మాట ఎంత బరువో ఇంకొకరికి తెలియదు.

ఈర్ష్య, అసూయ అనే మాటలను మనం ఒకదాని స్థానంలో ఒకటి వాడేస్తున్నాం కానీ, అవి అక్కచెల్లెళ్లే తప్ప ఒకే మనిషి కాదు. ఎదుటివాడి మేలును ఓర్వలేకపోవడం ఈర్ష్య. ఎదుటివాడి మంచిలో చెడును వెతకడం అసూయ. మొదటిది కూర్చుని బాధపడుతుంది. రెండోది లేచి పనిచేస్తుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం వరకూ వనమాలది ఈర్ష్య. భోజనాలయ్యాక, రాజేశం గల్లాపెట్టె దగ్గరే కునుకు తీస్తుండగా, ఆమె సౌందర్య పేజీని తెరిచి వెతకడం మొదలుపెట్టింది. అప్పుడది అసూయ అయింది.

లారీ చక్రాలు సమంగా లేవు. ఆటోలో ఆడవాళ్లకు ముక్కులు లేవు. ఇవేవీ పెద్ద తప్పులు కావని ఆమెకే తోచింది. ముక్కులు లేకపోయినా వాళ్లు అలసిపోయారని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆమె చూపు బట్ట మీదికి పోయింది. ఎర్ర నూలు. తమ దుకాణం ఎరుపే. ఆ ఎరుపు నీళ్లు తగిలితే దిగుతుంది. దిగితే తెల్ల అంచు నిలవదు.

ఆమె లేచి వంటింట్లోకి పోయి తమ్ముడికి ఫోను చేసింది.

“తమ్మీ, ఒక పేజీ పంపుత. దాంట్ల లారీ బొమ్మ ఉన్నది. నీ పేరు మీద కొను.”

“నాకెందుకక్కా లారీ?”

“నీకు గాదు. నాకే.”

“మరి నీ పేరు మీదనే కొనుక్కోరాదు?”

“చెప్పిన పని చెయ్యిరా. రాఖీకి వస్త గదా, అప్పుడు తీసుకుంట.”

ఆమె ఆలోచన సరళమైనది. బొమ్మ వస్తుంది. ఒక్కసారి నీళ్లలో ముంచితే చాలు. రంగు కారిన బొమ్మను ఫోటో తీసి, ‘ఇదీ వీళ్ల పనితనం’ అని ఆ పేజీలోనే, అందరికీ కనబడేటట్టు పెట్టాలి. పెట్టేది జనగామ సందీప్. చిట్యాల వనమాల పేరు ఎక్కడా రాదు.

మన వైపు ఆడబిడ్డలకు రాఖీ పున్నమిని మించిన పండుగ లేదు. ఆ రోజు బస్సులన్నీ చెల్లెళ్లతోనూ అక్కలతోనూ నిండి, అన్నదమ్ముల ఊళ్లకు పోతాయి. వనమాల జనగామలో దిగి, తమ్ముడికి రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టి, మరుక్షణమే అడిగింది. “ముట్టిందా?”

పొట్లం బల్లమీదనే ఉంది. విప్పింది. ఫోనులో చూసింది వేరు, చేతిలోకి వచ్చింది వేరు. పెరటి వెలుతురు పడగానే ఆ రెండు అద్దాలు తటాలున ఆమె కళ్లలోకి కొట్టాయి. ఎదురుగా నిజంగా ఏదో వస్తున్నదన్నట్టు ఆమె ఒక అడుగు పక్కకు జరిగింది. వెనక్కు తిప్పి చూసింది. ముళ్లు, తెగిన దారాలు, ఏదో ఒక పొరపాటు కనబడకపోతుందా అని. వెనుక వైపు కూడా ముందులాగే ఉంది.

పెరట్లో నీళ్ల బకెట్టు ఉంది. ఆమె బొమ్మను పట్టుకొని వంగింది. ఒక మూల నీళ్లను తాకింది. సరిగ్గా అప్పుడే లోపల సందీప్ ఫోను మోగింది. అతను ఎప్పటిలాగే స్పీకరులో పెట్టి మాట్లాడుతూ పెరట్లోకి వచ్చాడు.

“సందీపన్నా, నేను సౌందర్యను మాట్లాడుతున్న. లారీ బొమ్మ. ముట్టిందా అన్నా?”

“ఆ, ముట్టింది ముట్టింది.”

“మంచిగున్నదా?”

సందీప్ అక్క వైపు చూశాడు. “మంచిగనే ఉన్నది,” అన్నాడు.

“అన్నా, ఒక మాట. దాన్ని నీళ్లల్ల పెట్టకుండ్రి. గా ఎర్ర బట్ట రంగు దిగుతది. మా సేటు మంచోడే గని, బట్ట గంతే. ఇంకోటి అన్నా. నా పేజీకి నువ్వే బోణి చేసినవు. ఇన్ని దినాలు ఎవలు కొనలె. మా యాడి చెయ్యి మంచిదని ఊరంత అంటరు; నా పేజీకి బోణి చెయ్యమని నేనూ అడిగితి. ఇంటోళ్ల చెయ్యి పనికిరాదు బిడ్డా అన్నది. ఎవలో రావాలె అన్నది. నువ్వొచ్చినవు. నీ చెయ్యి మంచిదయితదన్నా.”

యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో తల్లి.

ఫోను పెట్టేసి సందీప్ చూసేసరికి వనమాల బొమ్మను రొమ్ముకు అదుముకొని నిలబడి ఉంది. తడిసిన మూల నుంచి ఎరుపు తెల్ల అంచులోకి మెల్లగా పాకుతున్నది. రైక మీద కూడా మరక పడింది.

“ఏందక్కా గది?”

“ఏం లేదు.”

“రంగు దిగుతదని ఇప్పుడే చెప్పె గదా.”

“బోణిరా,” అన్నది వనమాల. రంగు దిగిందని ఇప్పుడు నోరు విప్పరాదు. వాపసు పంపరాదు. వంక పెట్టరాదు. పెట్టవచ్చునని ఆమె మనసు చెబుతూనే ఉంది. పెట్టరాదని ఏడు తరాల వ్యాపారం ఆమె చెయ్యి పట్టుకుంది. ఇల్లు తగలబెట్టడానికి పోయినవాడు, తీరా పోయి, దీపం పెట్టి వచ్చినట్టయింది.

బొమ్మను చిట్యాల తీసుకుపోయి, బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టింది.

ఆ తరువాత జరిగిందే ఆమెను ఎక్కువ కాల్చింది. వారం తిరక్కుండా సౌందర్య పేజీలో రెండో బొమ్మ పోయింది, ఆపైన మూడోది. వరంగల్ నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఇంకొకరు. కరోనా ఏడు సంతలు మూతపడ్డాయి, రాజేశం దుకాణం మూతపడింది, ఆ పేజీ మూతపడలేదు. బావి దగ్గర మోటరు, పత్తి బోరాల మీద నిద్రపోయే మనిషి, దవాఖాన మెట్లమీద ఎదురుచూసే ముసలమ్మ. ఆ పిల్ల ఏం కుట్టినా జనం కొన్నారు. ప్రతి శ్రావణంలోనూ కొత్త బొమ్మల వరుస తీసేముందు, మొదటిదాని ఫోటోను ఎవరికీ చూపకుండా సందీప్‌కే పంపి, “అన్నా, నీ చెయ్యి,” అని అడిగేది. సందీప్ అక్కకు ఫోను చేసేవాడు. అక్క కొనమనేది. కొనకుండా ఉండగలిగేది కాదు; బోణి అడిగినవాళ్లకు లేదనకూడదని ఆమెకు ఉగ్గుపాలతో నేర్పారు.

“అక్కా, నీ చెయ్యి గింత మంచిదని నాకు ఇన్నేండ్లు తెల్వనే తెల్వదు,” అనేవాడు సందీప్ రాఖీ కట్టించుకుంటూ. “నా దుకాణానికి సుత ఒకపారి చెయ్యరాదు?”

“నోరు మూసుకొని మిఠాయి తిను.”

తన చెయ్యి మంచిది. కానీ తనకు కాదు. తాను ఎవరిని చూసి కుమిలిపోతున్నదో సరిగ్గా వాళ్లకే మంచిది. తండాలోనూ బజారులోనూ ‘జనగామ చెయ్యి’ అన్నది ఒక సామెతలా పాకింది. కొన్నవాడి పేరు సౌందర్య బయటపెట్టలేదు; అతను వనమాల తమ్ముడని ఆమెకూ తెలియదు. కొత్తగా బర్రెను కొన్నవాళ్లు కూడా, “దీనికో జనగామ చెయ్యి దొరకాలె,” అనుకునేవాళ్లు. ఆ మాట దుకాణంలో వినబడినప్పుడల్లా వనమాల గుమ్మం నుంచి లోపలికి వెళ్లిపోయేది.

లోపలికి వెళ్లి ఏం చేసేది అంటే, వేసేది. నెమళ్లు మానేసింది. తెల్లటి తానుల కొసలు పలక మీద బిగించి, దుకాణంలో కనబడేవే వేసింది. బట్టను వేళ్ల మధ్య నలిపి చూసే ముసలాయన, కోడలికి చీర కొనడానికి వచ్చి తనకు కొనుక్కునే అత్తగారు, వానకు అరుగు మీద ఆగిన జనం. వేసిందాన్ని బీరువాలోని లారీ పక్కన పెట్టి చూసుకొనేది. చూసుకొని, తనది బోర్లించేది. ఏదీ పేజీలో పెట్టలేదు.

2023వ సంవత్సరంలో శ్రావణాలు రెండు వచ్చాయి. ముందు వచ్చింది అధికం, తరువాత వచ్చింది నిజం. అధికమాసంలో పెళ్లిళ్లుండవు, ఆ నెలంతా రాజేశం ఈగలు తోలుకుంటూ నిజ శ్రావణం కోసం ఎదురుచూశాడు. ఆ నెలలోనే వనమాలకు హనుమకొండ నుంచి ఒక చుట్టపామె ఫోను చేసింది. కొత్త ఇంటి గోడకు బొమ్మ కావాలన్నది. వనమాల మొదటిసారిగా దుకాణం బొమ్మలను ఆమెకు పంపింది. రెండు రోజుల తరువాత జవాబు వచ్చింది. “మంచిగున్నయి వదినా. గని మీ దగ్గర్నే ఒక తండా పిల్ల ఉన్నదట గదా, సౌందర్య అని. ఆమె కాడ తీసుకున్నం. నీకు ఎర్కనేనా ఆ పిల్ల?”

ఎర్కనే, అన్నది వనమాల.

కొద్దిరోజులకే సందీప్ ఫోను చేశాడు. “అక్కా, సౌందర్య కొత్త బొమ్మ పంపింది. కొననా?”

“వద్దు.”

“ఏమని చెప్పాలె?”

“ఏమీ చెప్పకు. ఊకో.”

నిజ శ్రావణపు తొలి శుక్రవారం వచ్చింది. ఈసారి వాన లేదు; ఉక్కపోత, ఆకు కదలని మబ్బు. రాజేశం పెందలాడే దుకాణం తెరిచి తానులు సర్దాడు. రుక్కి ఆలస్యం లేకుండా కూతురితో సహా వచ్చింది. వచ్చి, మెట్టు మీదనే కూర్చుంది.

“ఏందే రుక్కీ, కింద కూసున్నవు? లోపలికి రా. నెలంతా పస్తున్నం.”

“ఈయేడు నన్ను విడువు సేటూ. మనసు మంచిగ లేదు. మనసు మంచిగ లేనప్పుడు చెయ్యి ఎట్ల మంచిగుంటది?”

“ఏమాయె?”

“పోరి బేరం ఆగింది. నా చెయ్యి పట్టుకొని ఏడుస్తది. గా చెయ్యి తెచ్చి నీ తాను మీద పెట్టాల్నా?”

సౌందర్య ముఖం ఉబ్బి ఉంది. ఆమె చెప్పింది. కొత్త బొమ్మలు ఆరు నెలలు కుట్టినవి. తనతోపాటు తండాలో ఇంకా కొందరు ఆడవాళ్లు కుట్టారు. అడిగేవాళ్లు పేజీలో రోజూ అడుగుతున్నారు. కానీ జనగామ అన్న ఉలకడు, పలకడు.

“అడిగేటోళ్లుంటే అమ్మరాదు?” అన్నాడు రాజేశం.

“బోణి గాకుండ ఎట్ల అమ్ముత సేటూ? నువ్వు అమ్ముతున్నవా ఇప్పుడు?”

రాజేశం మెట్ల కింద నిలబడ్డ గిరాకీలను చూసి, సర్దిన తానులనే మళ్లీ సర్దాడు.

గుమ్మంలో వనమాల అంతా విన్నది. ఒక్క క్షణం ఆమెకు కడుపు చల్లబడింది. దాచి ప్రయోజనం లేదు. ఇన్నేళ్లుగా తనను కాల్చిన పేజీ తన నోటి నుంచి వచ్చిన ఒక్క ‘వద్దు’తో ఆగిపోయింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. రుక్కి చెయ్యి ఒడిలో ముడుచుకొని ఉంది. భర్త తానుల ముందు దిక్కు తోచక నిలబడ్డాడు. తన మాట ఎదుటివాళ్ల ఇంటిని ఆపబోయి, తిరిగి వచ్చి తన దుకాణాన్నే ఆపింది.

“గింత సదివినవు. గివన్నీ నమ్ముతవా సౌందర్యా?” అన్నది ముందుకు వచ్చి.

“సదువు సదువే, బేరం బేరమే అక్కా.”

“సరె, ఎందుకు పరేషాన్? నేను చేస్త బోణి. తియ్యి బొమ్మ.”

సౌందర్య తల్లి వైపు చూసి, తల వంచుకుంది. “ఏమనుకోకు అక్కా. జనగామ చెయ్యే కావాలె. నీ చెయ్యి ఎసుంటిదో నాకేం తెలుసు?”

రాజేశం నవ్వాడు. పాపం, వాతావరణం తేలిక చేద్దామనే నవ్వాడు. “ఈమె చెయ్యి సంగతి నన్నడుగు. ఆమె పేజీకే ఇంక బోణి గాలె.”

మెట్ల కింద ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నిజం వనమాల నాలుక చివరిదాకా వచ్చింది. గా చెయ్యి నాదే, అని ఒక్క మాట. ఆ మాట అంటే, ఎందుకు కొన్నావని అడుగుతారు. అడిగితే బకెట్టు దాకా పోవాలి. ఆమె లోపలికి నడిచింది. వంటింట్లో పొయ్యి పక్కన నిలబడి ఫోను చేసింది.

“తమ్మీ, కొను.”

“కొనద్దంటివి గదా.”

“కొను అంటున్న.”

“అక్కా, ఏడుస్తున్నవా?”

“ఉల్లిగడ్డ కోస్తున్న. కొను.”

ఉల్లిగడ్డలు బుట్టలో కోయకుండానే ఉన్నాయి. కొద్దిసేపటికి దుకాణంలో ఫోను మోగిన చప్పుడూ, “యాడీ, వచ్చింది. జనగామ అన్న కొన్నడు,” అన్న సౌందర్య గొంతూ వినిపించాయి. రుక్కి లేచినట్టుంది, మట్టెలు పలకల మీద కదిలాయి. తరువాత బట్టను చింపిన చప్పుడు, పొడుగ్గా, చర్రుమని. మెట్ల మీద జనం ఎక్కుతున్న సందడి. వనమాల అప్పుడు నిజంగానే ఒక ఉల్లిగడ్డ తీసి కోయడం మొదలుపెట్టింది.

సౌందర్య ఇప్పుడు మహబూబాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకొని, తండా ఆడవాళ్లను కూర్చోబెట్టి కుట్టిస్తున్నది. వనమాల ఆమెకు రాసిన ఉత్తరం కింద ఉంది. ఒకటి రెండు చోట్ల దిద్దవలసినవి ఉన్నా, దిద్దలేదు.

చిట్యాల,
14 జూలై 2025

చిరంజీవి సౌందర్యకు వనమాలక్క దీవించి రాయునది.

ఫోన్ల పెడ్తే నీ కాడ పనిచేసేటోళ్లందరు చదువుతరని ఉత్తరం రాస్తున్న. చదివి చింపెయ్యి, లేకుంటే దాచుకో, నీ ఇష్టం.

ఈ శ్రావణానికి సందీప్ నీ బొమ్మ కొనడు. వాడు నా తమ్ముడు. కొనద్దని నేనే చెప్పిన. నీకు తెలిసిన జనగామ చెయ్యి వానిది గాదు. మొదటి లారీ కాడినుంచి అన్నీ కొన్నది నేను. ఎందుకు కొన్ననో రాయాల్నంటే చెయ్యి ఆడుతలేదు గని రాస్త. దాన్ని నీళ్లల్ల ముంచి, రంగు దిగిందని నీ పేజీల పెడుదామని కొన్న. ఒక మూల ముంచిన సుత. అప్పుడే నువ్వు ఫోన్ చేసి బోణి అన్నవు. ఆ మూల ఇంక ఎర్రగనే ఉన్నది.

మంచిదాన్ని అయిన అని రాస్తలేను. నీ కొత్త బొమ్మ చూసినప్పుడల్లా ఇప్పటికి సుత కడుపుల మండుతది. మొన్న నువ్వు కుట్టిన బస్‌స్టాండు చూసి రెండు పూటలు అన్నం తినలె. ఆ బస్‌స్టాండుల నేను ఎన్నిసార్లు కూసున్ననో.

ఇగ నా బొమ్మలు పేజీల పెట్టిన. నెమళ్లు తీసేసిన. దుకాణంల కూసోని వేసినయి. చుట్టాలు సూపర్ అన్నరు. బోణి గాలె. ఎవరి చెయ్యి వాళ్లకు పనికిరాదని నీకు ఎర్కనే. మీ యాడిని అడుగుదామంటే సేటు దుకాణం బోణి ఆమెది, ఒకే ఇంటికి రెండు బోణిలు అడగరాదు. అందుకే నిన్ను అడుగుతున్న. చూడు. నచ్చితేనే కొను. పాపం అనుకొని కొంటే నాకు తెలుస్తది, అది నేను బోణి కింద పట్టను.

ఈయేడు నీ మొదటి బొమ్మకు నా పేరు మీదనే అడుగుత. ఇస్తవా ఇయ్యవా నీ ఇష్టం. ఇంత తెలిసినంక ఈ చెయ్యి నీకు వద్దనిపిస్తే, వద్దను. నేను వంక పెట్టను.

లారీని బీరువాలకెల్లి తీసి దుకాణం గోడకు పెట్టిన. సేటు ఎవరిదని అడిగితే చెప్పిన. ఆయన దగ్గరికి పోయి చూసి, అద్దం ఒకటి ఊడింది చూడు, అన్నడు. ఎడమ దిక్కుది. బీరువాల ఎక్కడ పడిందో దొరకలె. శ్రావణంల మీ యాడితోని వస్తవు గదా, వచ్చేటప్పుడు ఒక అద్దం తెచ్చుకో. కుట్టుడు నాకు రాదు.

ఇట్లు,
వనమాల